ఆదెమ్మ మూడో కుండ

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెప్తాను. ఊఁ కొట్టకుండా కూర్చుంటే ఈ కథ చెప్పకూడదు. ఎందుకో ఆఖర్న మీకే తెలుస్తది.

తాతలకు తాతలు పుట్టని కాలంలో, కొండ దిగొచ్చే పాలవాగు ఒడ్డున నాలుగూళ్లు ఉండేవి. తంగేడుమిల్లి, రేలపాడు, మోదుగుల, నక్కలగండి. నాలుగూళ్లకీ వాగు ఒక్కటే. ఎండలు ముదిరేసరికి అదీ పిల్లకాలవైపోయేది. మరి నీళ్లు ముందు ఎవరికి? కర్రలు తీస్తే తలలు పగులుతాయని పెద్దలు చెడుగుడు పెట్టారు. కోతలయ్యాక వాగు ఇసకలో ఆడాలి. గెలిచిన ఊరికి మొదటి వంతు నీళ్లు. ఓడిన ఊరికి ఆఖరి వంతు, అంటే అడుగు బురద.

ఆ బురద ఏటా నక్కలగండిదే. వాళ్ల కూతగాళ్లు గీత దాటి నాలుగడుగులు వేస్తే చాలు, ఊపిరి ఆడక దగ్గేవాళ్లు. మిగతా ఊళ్లవాళ్లు నవ్వీ నవ్వీ కడుపు పట్టుకునేవాళ్లు. నవ్వినూరే పట్నమైందని ఊరికే అన్నారా?

ఆటకు ముందు ఒక మర్యాద ఉండేది. కూత కొలత అనేవాళ్లు. ఎదుటి ఊరికి ఆట నేర్పే గురువు ఖాళీ కుండ పట్టుకుని నిలబడతాడు. మనోళ్లు ఒక్కొక్కరే దాని మూతి దగ్గర నోరు పెట్టి చెడుగుడు చెడుగుడు అని కూత పెట్టాలి. లోపల మోగే మోత విని ఎవడి ఊపిరి పొడుగో గురువు చెప్తాడు. వాడే మొదటి కూతకు వెళ్లాలి. కొలత ఇవ్వనన్న ఊరు ఆడకుండానే ఓడినట్టు.

ఇట్టా ఉండగా ఒక ఏడు నక్కలగండికి కొత్త గురువు వచ్చాడు. ఎవరు పిలిచారో తెలీదు. ఏ ఊరోడో తెలీదు. నల్ల తలపాగా, బక్క ఒళ్లు, గులకరాయి మీద గోరు గీసినట్టుండే గొంతు.

మోదుగులలో ఆదెమ్మ అని కుమ్మరామె ఉండేది. మొగుడు పోయాడు. సారె తనే తిప్పేది, కుండలు కాల్చే ఆవం తనే పేర్చేది, నిప్పు మందగిస్తే ఊదుగొట్టం పెట్టి తనే ఊదేది. ఆట వచ్చిందంటే ఆవం బూడిద తట్టలో మోసుకెళ్లి బరి గీతలు వేసేది కూడా ఆమే. గీత వేశాక పక్కకు పొమ్మనేవాళ్లు. పక్కకు పోయేది. ఆమెకున్నది ఒక్కడే కొడుకు, పోలయ్య. మోదుగుల కూతగాళ్లలో వాడిదే పొడుగు ఊపిరి. తల్లి ఊపిరే వచ్చిందిరా వీడికి అనేవాళ్లు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆదెమ్మ ఆవం ఊదుతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"నీ ఊపిరి పెద్దది ఆదెమ్మా."

తిరిగి చూస్తే కొత్త గురువు. బూడిద కుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రెండు కుండలు కావాలి. చెమ్మ బయటికి రాకూడదు. గాలి లోపలికి పోకూడదు. చేతనవుద్దా?"

"చేతనవుద్దా అంటావేంది బాబూ! మా అత్త చేతి పని నాది," అంది ఆదెమ్మ. పనిని శంకిస్తే ఆమెకు ఒళ్లు మండేది.

అన్నదే గానీ, ఆమె కళ్లు బూడిద మీద ఆగిపోయాయి. అతని మూతికి బెత్తెడు దూరంలో ఉంది కుప్ప. ఆమె నిట్టూరిస్తేనే లేస్తది ఆ బూడిద. అతను అన్ని మాటలు మాట్లాడాడు, ఒక్క రేణువు కదల్లేదు. మనిషి గమ్మత్తుగా ఉన్నాడే అనుకుంది, పనిలో పడి మర్చిపోయింది.

రెండు కుండలూ చేసింది. గులకరాయితో వెయ్యిసార్లు రుద్ది నున్నగా చేసింది. అతను వచ్చి మొదటిది తట్టాడు. ఖంగుమంది. రెండోది తట్టాడు. ఖంగుమంది. తలూపి పట్టుకుపోయాడు.

మొదటి ఆట తంగేడుమిల్లితో. కొత్త గురువు కొత్త కుండ పట్టుకుని కొలత అడిగాడు. తంగేడుమిల్లి కుర్రాళ్లు వరసగా కూత పెట్టారు. మోత విని ఎవడిది పొడుగో అతను చెప్పలేదు. గబుక్కున కుండ బోర్లించి ఇసకలో నొక్కాడు. ఆట మొదలైంది. తంగేడుమిల్లివాళ్లు గీత దాటగానే ఊపిరందక కూలబడ్డారు. నక్కలగండి కూతగాడు మాత్రం ఆ కుండ అంచు ఎత్తి ఒక్క గుక్క పీల్చుకుని వెళ్లాడు. బరంతా మూడుసార్లు చుట్టాడు, కూత తెగలేదు.

ఆ కూత వాడిది కాదు. తంగేడుమిల్లి కూతగాడు సింగన్నది. గట్టు మీదున్న సింగన్న తల్లి "నా కొడుకు గొంతు!" అని లేచి నిలబడింది. సింగన్న ఆమె కాళ్ల దగ్గరే నోరు తెరుచుకుని కూర్చున్నాడు, నోట్లోంచి చప్పుడు లేదు.

రెండో ఆట రేలపాడుతో. అక్కడా అదే. ఊరి కుర్రాళ్లు ఓడారు, కూత పోయింది.

అక్కడితో అయితే ఆటే కదా అనుకోవచ్చు. ఆదెమ్మ కుండలమ్ముకోను రేలపాడు వెళ్లి చూసింది. కోడి మెడ చాచి నోరు తెరిచింది, కూత రాలేదు. రైతు ఎడ్లను అదిలిస్తున్నాడు, పెదాలు ఆడుతున్నాయి అంతే. ఉయ్యాల్లో పిల్ల ముఖం కందిపోయేట్టు ఏడుస్తోంది, ఇల్లంతా నిశ్శబ్దం. ఊరి కుర్రాళ్ల ఊపిరి పోతే ఊరి ఊపిరే పోయింది. ఆదెమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వెనక్కి చూడకుండా ఇంటికొచ్చింది.

ఇంటి ముందు కొత్త గురువు కూర్చుని ఉన్నాడు.

"మూడోది కావాలి ఆదెమ్మా. పెద్దది. పైన రెండు కుండలు పెట్టినా మొయ్యాలి. పదిహేను రోజుల్లో మీ ఊరితో ఆట."

ఆదెమ్మ ఊరి పెద్దకాపు చిట్టియ్య దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, ఆ మనిషికి ఊపిరి లేదు. బూడిద పక్కన అన్ని మాటలాడినా ఒక్క రేణువు లేవలేదు. మన పిల్లల ఊపిరి కుండలో పట్టుకుపోతాడు. కొలత ఇవ్వొద్దయ్యా!"

చిట్టియ్య నవ్వాడు. "కొలత ఇవ్వకపోతే నీళ్లెవరిస్తారే? నీ బూడిదిస్తదా? కుండలు చేసుకునేదానివి, కూత సంగతి నీకెందుకు? ఫో."

కొడుక్కి చెప్పింది. వాడు తల దించుకుని, "నేను వెళ్లకపోతే పోలిగాడు పిరికోడంటారే అమ్మా. ఇంకోణ్ణి పంపుతారు. వాడికి మాత్రం అమ్మ లేదా?" అన్నాడు.

ఆదెమ్మ చీకటి పడిందాకా సారె ముందు కూర్చుని ఏడ్చింది. ఆ కుండలు చేసింది తన చేతులే కదా.

కుమ్మరోళ్లకు తెలిసిన ముక్క ఒకటుంది. మట్టిలో సున్నపురాయి పలుకు, గింజంత ముక్కైనా, ఉండకూడదు. ఉంటే కుండ బాగానే కాలుద్ది, బాగానే మోగుద్ది. కానీ లోపల చెమ్మ తగిలిందంటే ఆ పలుకు ఉబ్బి కుండను బద్దలు చేస్తది. అందుకే కుమ్మరి మట్టిని ముమ్మారు జల్లిస్తాడు. తెలిసి తెలిసి చెడ్డకుండ చేసినవాడికి సారె మళ్లీ తిరగదని ఒట్టు.

ఆదెమ్మ సారెకు దణ్ణం పెట్టింది. "తప్పు చేస్తున్నా తల్లీ, ఈ ఒక్కటీ చేయనీ" అంది. మూడు సున్నపురాయి పలుకులు మట్టిలో కలిపింది. కుండ చేసింది.

కొత్త గురువు వచ్చి తట్టాడు. ఖంగుమంది. చెవి ఆనించి మళ్లీ తట్టాడు. ఖంగుమంది. ఆమె ముఖంలోకి చూస్తూ మూడోసారి తట్టాడు. ఖంగుమంది. పట్టుకుపోయాడు.

ఆట రోజు మిట్టమధ్యాహ్నం. గాలి లేదు, ఆకు కదల్లేదు. ఆదెమ్మ గీతలు వేసింది. పక్కకు పొమ్మన్నారు. ఆమె పోలేదు.

కుర్రాళ్లు వరసలో నిలబడ్డారు, ముందు పోలయ్య. కొత్త గురువు పెద్దకుండ ఇసకలో నిలబెట్టి, "ఊఁ, కానీండి," అన్నాడు.

ఆదెమ్మకు అప్పుడు ఒక సంగతి తోచింది. సున్నం ఉబ్బాలంటే చెమ్మ కావాలి. కుర్రాళ్లు పొడి గొంతుతో తలో గుక్క వేస్తే కుండ ఎప్పుడు తడవాలి, ఎప్పుడు పగలాలి? అప్పటికి కొడుకు ఊపిరి వాడి ఒంట్లో ఉంటదా?

కొడుకును పక్కకు తోసి కుండ మీదకు వంగింది. "ముందు నాది కొలువు," అంది.

గట్టు మీద జనం గొల్లున నవ్వారు. చిట్టియ్య కర్రెత్తాడు. కొత్త గురువు మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవం ఊదిన ఊపిరి అది, అతని నోరూరింది.

"కానీ ఆదెమ్మా," అన్నాడు.

ఆదెమ్మ కూత పెట్టింది. చెడుగుడు చెడుగుడు చెడుగుడు. జనం నవ్వు ఆగింది. చెడుగుడు చెడుగుడు. చిట్టియ్య కర్ర దించాడు. ఇంత ఊపిరి ఏ మొగాడికీ లేదు. ముప్పై ఏళ్లు నిప్పు ఊదిన గుండె అది, వేడివేడి ఆవిరంతా కుండలోకి దించుతోంది. "చాలమ్మా!" అని పోలయ్య రెక్క పట్టుకున్నాడు. ఆమె విదిలించింది. ఆఖరి గుక్క కూడా దాచుకోకుండా పోసింది. పోసి ఇసకలో ఒరిగిపోయింది.

ఒరిగిపోయినా కూత ఆగలేదు. కుండలోంచి వస్తూనే ఉంది. చెడుగుడు చెడుగుడు.

కొత్త గురువు మురిసిపోయి, ఆ కూత బయటికి పోకుండా రేలపాడు ఊపిరున్న రెండో కుండ తెచ్చి పెద్దకుండ మూతి మీద బోర్లించాడు. దాని మీద తంగేడుమిల్లి ఊపిరున్న మొదటి కుండ పెట్టాడు. పోలయ్య తల్లిని ఒళ్లో వేసుకున్నాడు.

టిక్. మొదటి పలుకు ఉబ్బింది.

టిక్. రెండోది ఉబ్బింది.

మూడోది చప్పుడు చెయ్యలేదు. కుండే చేసింది. పెద్దకుండ ఫెళ్లున పగిలింది, పై రెండూ దాని మీద పడి ముక్కలయ్యాయి. కదలని గాలి ఒక్కసారి లేచింది. అందులో అందరి గొంతులూ ఉన్నాయి. సింగన్న కూత తంగేడుమిల్లి వైపు పోయింది. రేలపాడు కూతలు రేలపాడు వైపు పోయాయి. కాసేపటికి వాగు అవతల కోడి కూసింది, ఆ వెనక పసిపిల్ల కెవ్వున ఏడ్చింది.

కొత్త గురువు రెండు చేతులా గాలిని పట్టుకోబోయాడు. పట్టుబడలేదు. అట్టే నిలబడిపోయాడు. చిట్టియ్య భయంభయంగా కర్రతో భుజం మీద తట్టాడు. ఖంగుమంది. ఇంకోసారి తట్టేసరికి కూలిపోయాడు. తలపాగా కింద మిగిలింది పాత పెంకులు.

ఆదెమ్మ ఊపిరి కూడా కుండలోంచి వచ్చింది. కొడుకు చుట్టూ తిరిగింది. "నోరు తెరవ్వే అమ్మా! ఒక్కసారి తెరువు!" అని పోలయ్య ఆమె దవడ పట్టుకుని గుండెలు బాదుకున్నాడు. ఆమె నోరు తెరిచాడు గానీ, లోపలికి పీల్చుకునే మనిషి లేదు. ఊపిరి ఆ బరి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఆమె వేసిన బూడిద గీత మీద ఆగింది. గీతను చెదరగొట్టినవాళ్లు లేరు, అయినా ఆ బూడిద లేచి లేచి పడింది.

ఆ ఏడు ఇక ఆట లేదు. నీళ్లు నాలుగూళ్లూ సమంగా పంచుకున్నారు. బురద కూడా పంచుకున్నారు.

ఇప్పటికీ పాలవాగు ఊళ్లలో ఎవరినైనా కొత్త గురువుగా తెస్తే, ఎంత పేరున్నవాడైనా సరే, ముందు అరచేతిలో చిటికెడు బూడిద పోసి ఊదమంటారు. బూడిద లేస్తేనే బరిలోకి రానిస్తారు. కూత కొలత మానేశారు. కుమ్మరింట్లో మరీ గీచి గీచి బేరమాడేవాళ్లుంటే, "ఆదెమ్మ పలుకు వెయ్యమంటావా?" అంటారు, దెబ్బకు వాళ్లు నోరు మూస్తారు.

ఇంకొకటి, మొదటి కూతకు ఎవరూ వెళ్లరు. అది పోలయ్య పెట్టిన ఆనవాయితీ. రెండు జట్లవాళ్లూ గీతను ముట్టి కళ్లకద్దుకుని, ఖాళీ బరి చుట్టూ నోరు మూసుకుని నిలబడతారు. గాలి లేని రోజు కూడా గీత మీద బూడిద కొంచెం లేస్తది. లేచి మళ్లీ పడిందాకా ఆగి, అప్పుడు ఆడతారు. పోలయ్య ముసలోడై, ఆడలేని రోజుల్లో కూడా కర్ర పట్టుకుని వచ్చేవాడంట. ఆ ఒక్క కూత వినేసి, "ఇంకా తెగలేదురా, మా అమ్మ ఊపిరి," అని ఇంటికి పోయేవాడంట.

అయిపోయింది. ఏదీ, అందరూ ఒకసారి ఊఁ అనండి.

ఆ. మీరు ఆరుగురున్నారు. నాకు ఏడు వినబడ్డాయి. భయపడకండిరా, ఆమె మనల్నేం చెయ్యదు.