గంజిపాటకు వ్యాఖ్యానం

తన వ్యాఖ్యానం విని గురువుగారు ఏమంటారోనని విరూపాక్షుడికి మూడు రోజులుగా నిద్ర లేదు.

పేరయ శాస్త్రిగారు సరేనంటే దాన్ని పండితసభలో చదవచ్చు. కాదంటే తొమ్మిదేళ్ళ చదువూ ఏట్లో కలిసినట్టే. సెలవులకి తక్కిన శిష్యులంతా ఇళ్ళకి పోయారు. పాఠశాలలో అతనొక్కడే మిగిలాడు. వెళ్ళడానికి అతనికి ఇల్లంటూ లేదు. తల్లి పోయి ఆరేళ్ళయింది. ఆ కబురు చేరేసరికి పదమూడో రోజు కూడా దాటిపోయింది. అప్పుడతను ఏడవలేదు. పుస్తకం తెరిచి కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే.

వ్యాఖ్యానం ఒక పడవవాడి నాటకం మీద. కథ చివర పడవవాడు ఏట్లో మునిగిపోతాడు. మొదట్లో, తెల్లవారుజామున బయల్దేరుతున్న అతనితో భార్య ఇలా పాడుతుంది:

"మంచు విడలేదు, గట్టు కనబడలేదు,
గంజి కాగుతోంది, తాగి పో, మావా!"

ఈ రెండు పాదాలకీ విరూపాక్షుడు రాసింది నలభై తాటాకులు. పాట కట్టినవాడు బతికుంటే బెదిరిపోయేవాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక అరుగు మీద గురువుగారి ఎదుట కూర్చుని చదివాడు. "మంచు అంటే మృత్యువు గురువుగారూ. గట్టు కనబడలేదంటే ఇక అతను గట్టెక్కలేడని. గంజి కాగుతోందంటే పొయ్యి మండుతోందన్నమాట. ఆ మంట చితిమంట."

శాస్త్రిగారు తల ఊపుతూ విన్నారు.

"అసలు కీలకం చివరి మాటలో ఉంది. బయల్దేరే మగనితో ఏ ఇల్లాలైనా 'పో' అంటుందా? 'పోయిరా' అంటుంది. కవి కావాలనే 'రా' అనిపించలేదు. మనిషి తిరిగి రాడని అక్కడే చెప్పేశాడు."

"బాగా పట్టావోయ్" అన్నారు శాస్త్రిగారు. ఆ మెప్పులో వెటకారం లేదు. విరూపాక్షుడు ఉబ్బిపోయాడు.

ఆయన లేచి లోపలికి వెళ్ళి, ఒక ఖాళీ తాటాకూ గంటమూ తెచ్చి అతని ముందు పెట్టారు.

"మీ అమ్మ నీతో ఆఖరున అన్న మాట రాయి. దానికీ ఇలాగే వ్యాఖ్యానం చెప్పు. రెండూ కలిపి సభకి పట్టుకెళుదువుగాని."

ఇదేం పెద్ద పని అనుకున్నాడు విరూపాక్షుడు. తడుముకోకుండా రాశాడు.

'పోయిరా నాయనా. చలికాలానికి వస్తావుగా, కొత్త బొంత కుట్టి ఉంచుతాను.'

దాని కింద ఒక్క అక్షరం కూడా పడలేదు.

అమ్మ 'పోయిరా' అనే అంది. అనవలసిన మాట అనకుండా మానలేదు. తనే వెళ్ళలేదు. ఈ చలికాలం కాదు, చదువు కాస్త ముగియనీ అనుకుంటూ మూడు చలికాలాలు గడిపేశాడు. బొంతలో సూచన కోసం వెతికాడు. చలిలో వెతికాడు. ఎక్కడా ఏమీ లేదు. ఒకావిడ గుమ్మంలో నిలబడి కొడుక్కి బొంత కుడతానంటోంది, అంతే. ఆ బొంత కుట్టిందో లేదో, కుడితే చివరికి ఎవరు కప్పుకున్నారో అతనికి తెలీదు. ఎవరినీ అడగనైనా లేదు.

అరుగు మీద ఎండ తగ్గింది. "నావల్ల కావడం లేదు గురువుగారూ" అన్నాడు.

శాస్త్రిగారు ఆ నలభై ఆకులనూ జాగ్రత్తగా కట్టి పక్కన పెట్టారు.

"పోనీ, ఆ పడవవాడి భార్య పాట పాడు."

పాడాడు. మంచు దాటింది, గట్టు దాటింది. గంజి దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది. మోకాళ్ళలో తల పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆరేళ్ళ కిందట ఏడవవలసిన ఏడుపు అది. శాస్త్రిగారు ఊరుకోమనలేదు. ఆ ఏడుపు తగ్గేదాకా పక్కనే కూర్చుని, తన పైపంచె తీసి మొహం తుడుచుకోమని ఇచ్చారు.

తర్వాత నెమ్మదిగా అన్నారు:

"ఆ పాట పాడేటప్పుడు ఆవిడకి ఇంకా ఏమీ తెలీదు నాయనా. మళ్ళీ పాడు."