దాలమ్మ పోసిన మూడు కుండలు

అనగా అనగా, ఎప్పుడని మాత్రం అడక్కండి. మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి రండి, కొట్టనివాళ్ళు పడుకోండి.

ఒక ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, తమ్ముడి ఇంటి చూరు కింద బతుకు. ఆవిడకున్న ఆస్తల్లా రొప్పు. రెండడుగులు వేస్తే రొప్పు, నాలుగు మాటలాడితే రొప్పు. మబ్బు పట్టిందంటే మరీను, తెల్లారుతూనే నోరు తెరుచుకుని గాలి కోసం అల్లాడేది. ఊడుపులకి రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు. ఊరంతా ఆవిణ్ణి రొప్పుల దాలమ్మ అనేది.

ఆవిడ మాట చివరిదాకా విన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు. సగం మాటకే రొప్పొచ్చి, నోరు తెరుచుకుని ఉండిపోయేది. "పాపం, ఆకలి కాబోలు" అని ఎవరో ఒకరు ఇంత గంజి పోసేవారు. ఆవిడ తాగేది. చెప్పాలనుకున్న మాట గంజితోపాటు లోపలికే పోయేది.

ఆ రోజుల్లో ఆ ఊరి ఆడవాళ్ళకి చేపంటే వాసనే. మగవాళ్ళు ఏట్లో ఎప్పుడైనా పట్టుకొస్తే తలకాయ మామకి, నడిమి ముక్క మొగుడికి, తోక పిల్లలకి. వండినావిడ దాకలో ఇంత అన్నం వేసి, అడుగు తుడుచుకుని తినేది.

ఒకనాడు సన్నాసమ్మకి ఒళ్ళు మండింది. సన్నాసమ్మ గొంతు పెద్దది, మనిషి పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఊరి చివర ఇటుకల కోసం మట్టి తవ్వి వదిలేసిన గుంట ఒకటుంది. పదిమంది ఆడవాళ్ళని వెంటేసుకుని ఊరిపెద్ద నాయుడి దగ్గరికి వెళ్ళింది.

"నాయుడు బావూ, ఆ గుంట మాకియ్యి. సేపలు పెంచుకుంటాం."

నాయుడు నవ్వాడు. ఆ గుంట పూడ్పించి కళ్ళం చేసుకోవాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది.

"అలాగే పెంచండి. సేపలు సచ్చి తేలిన్నాడు మాత్రం గుంట పూడ్చేస్తాను. మరి నోరెత్తకూడదు."

"ఎత్తం," అంది సన్నాసమ్మ. అది తన వల్ల అయ్యే పని కాదని ఆవిడకీ తెలుసు.

తొలకరి పడింది, గుంట నిండింది. ఆడవాళ్ళు కుండల్లో బొచ్చె, శీలావతి, మోసు చేపపిల్లల్ని తెచ్చి గుంటలో వదిలారు. పేడ తెచ్చేవాళ్ళు పేడ, తవుడు తెచ్చేవాళ్ళు తవుడు తెచ్చారు. పొద్దున్నే తవుడు జల్లే పని దాలమ్మకిచ్చారు.

"అప్పా, నువ్వు కూకుని జల్లితే సాలు," అంది సన్నాసమ్మ. అప్ప అంటే మా వైపు అక్క.

దాలమ్మకి ఒకరు పని చెప్పడం అదే మొదలు. సంతోషంతో రొప్పు రెండింతలైంది. రోజూ గట్టు మీద కూర్చునేది, జల్లేది, చూసేది. చూడ్డానికి ఊపిరి ఖర్చు కాదు కదా! ఏ చేప ఎక్కడ మేస్తుందో, ఎక్కడ దాక్కుంటుందో అన్నీ ఆవిడకి తెలుసు. మిగతావాళ్ళు కబుర్లకి వచ్చేవారు. గుంటగట్టు ఆడవాళ్ళ రచ్చబండైపోయింది.

చేపలు జానెడయ్యాయి. అప్పుడు పట్టింది ముసురు.

మొదటిరోజు సూర్యుడు రాలేదు. తెల్లారేసరికి పది చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"ఆకలే పాపం!" అని ఒక బుట్ట తవుడు పోశారు.

దాలమ్మ చెయ్యెత్తింది. "ఆకలి... గాదే... అవి..." రొప్పొచ్చింది. నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"నీకూ ఆకలేనా అప్పా?" అని గంజి పోశారు. ఆ సాయంత్రం ఒక గేదె గుంటలో దిగి నీళ్ళు తన్నుతుంటే దాలమ్మ అటే చూస్తూ కూర్చుంది.

రెండోరోజూ సూర్యుడు రాలేదు. వంద చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. రెండు బుట్టల తవుడు పోశారు. దాలమ్మ చెయ్యెత్తింది. "ఆకలి... గాదే..." రొప్పొచ్చింది. గంజి పోశారు.

మూడోరోజూ సూర్యుడు రాలేదు. గుంటలో చేపలన్నీ పైకొచ్చాయి. నీళ్ళు కనబడలేదు, నోళ్ళే కనబడ్డాయి. మూడు బుట్టల తవుడు ఎత్తారు. అవతల నాయుడికి కబురందింది. గొడుగేసుకుని బయల్దేరాడు.

ఈసారి దాలమ్మ చెయ్యెత్తలేదు, మాట్లాడలేదు. గంజి కుండ వొంపేసి, ఖాళీ కుండతో గుంటలోకి దిగిపోయింది. నీళ్ళు ముంచింది, తల మీదికెత్తింది, పైనించి ధారగా పోసింది. రొప్పింది. రెండో కుండ పోసింది. రొప్పింది. మూడో కుండ పోసి నడుం లోతు నీళ్ళలో కూలబడింది.

"ఒలమ్మ, మతి పోయింది!" అన్నారు గట్టు మీదివాళ్ళు.

సన్నాసమ్మ మాత్రం చూసింది. మూడు కుండలు పడ్డచోట నాలుగు చేపలు నోరు మూసుకుని కిందకి దిగిపోయాయి. ఆవిడ గబగబా నీళ్ళలోకి దిగి, దాలమ్మ పక్కన కూర్చుని భుజం పట్టుకుంది.

"అప్పా, ఆకలా, ఊపిరా?"

అడిగి ఊరుకుంది. అంత గొంతున్న సన్నాసమ్మ నోరు మెదపకుండా, జవాబు వచ్చేదాకా కూర్చుంది.

"ఊపిరి," అంది దాలమ్మ. "నాకులాగే... రొప్పుతున్నాయి. నీళ్ళలో... గాలి నేదు. ఆ తవుడు... కుళ్ళిపోయి... మరీ నేదు. మొన్న గేదె... తన్నిన కాడ... బాగున్నాయి. నీళ్ళు... కొట్టండే!"

ఊరు పుట్టాక దాలమ్మ మాట పూర్తవడం అదే మొదలు.

అంతే! పదిమందీ గుంటలోకి దూకారు. కుండలతో పోసినవాళ్ళు కుండలతో, చేటలతో కొట్టినవాళ్ళు చేటలతో, ఏమీ లేనివాళ్ళు చేతులతో. ఎన్నడూ గడప దాటని కొత్తకోడళ్ళు కొంగులు బిగించి తన్నారు, అత్తలు తన్నారు. ఏళ్ళ తరబడి మాటల్లేని తోడికోడళ్ళిద్దరు ఒకే కుండ పట్టుకుని పోశారు.

నాయుడు వచ్చాడు. "మీకేమైనా..." అనేలోపు కుండెడు నీళ్ళు ఆయన మొహాన పడ్డాయి. ఎవరు పోశారో ఈనాటికీ తేలలేదు. మా ముత్తవ్వకి తెలుసు, చెప్పలేదు.

మధ్యాహ్నానికి మబ్బు విడింది, ఎండొచ్చింది. చేపలు కిందకి దిగాయి. నాయుడు గట్టు చుట్టూ తిరిగాడు. ఒక్కటీ తేలలేదు. అంటే, రెండు తేలాయి. ఆయన చూడకముందే సన్నాసమ్మ ఒళ్ళో దాచేసింది. నాయుడు పంచె పిండుకుంటూ ఇంటికి పోయాడు. గుంట ఆడవాళ్ళదే అయింది.

ఆ రెండూ గట్టు మీదే పులుసయ్యాయి. నడిమి ముక్క దాలమ్మకి పెట్టారు. ముక్క నోట్లో పెట్టుకుని ఆవిడ ఏడ్చింది. బాగుందా అని అడిగితే, "కారం" అంది. కారం కాదని అందరికీ తెలుసు.

అక్కణ్ణుంచి దాలమ్మ చాలా ఏళ్ళు బతికింది. సగం మాట దగ్గర ఆగిపోతే అందరూ ఆగేవారు. చివరికి ఒకరోజు మంచం పట్టింది. నోరు తెరిచి చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళు, ఊపిరి పోతోందని గొల్లుమన్నారు. తల నెరిసిన సన్నాసమ్మ అందర్నీ కసిరి, పక్కన కూర్చుంది.

"అప్పా, ఆకలా, ఊపిరా?"

దాలమ్మ నవ్వింది. "ఆకలే," అంది.

శీలావతి పులుసు వండి తెచ్చారు. నడిమి ముక్క తింది, వేళ్ళు నాకింది, పడుకుంది. మరి లేవలేదు.

ఈనాటికీ ఆ ఊళ్ళో మబ్బు పట్టి తెల్లవారితే ఇంటికొక ఆడమనిషి గుంట దగ్గరికి వెళ్ళి మూడు కుండల నీళ్ళు ఎత్తి పోస్తుంది. చేప వండిన రోజున మొదటి నడిమి ముక్క వండినావిడదే. ఏ ఆడపిల్లయినా ఏదో అనబోయి ఆగిపోతే, పెద్దవాళ్ళు పని ఆపి పక్కన కూర్చుని, "ఆకలా, ఊపిరా?" అంటారు. అని, జవాబు వచ్చేదాకా ఉంటారు.

ఇదిగో, ఆ స్తంభం పక్కనున్న పిల్ల ఇందాకట్నుంచీ నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఏమ్మా, ఆకలా, ఊపిరా? నెమ్మదిగా చెప్పు. మేం ఎక్కడికీ పోం.