డోలీ సంఘం చివరి షరతు

కొండమీది రోగుల్ని కిందున్న వైద్యుడి దగ్గరికి ఉచితంగా మోయించాలని మేదరి సన్యాసమ్మ ఓ డోలీ సంఘం తలపెట్టింది. కనుమ మలుపులో తనకున్న జాగా ఇచ్చేసి, డోలీలకు పాక వేయించింది. కనుమ దాటే ప్రతి బండీ అక్కడ ఆగాల్సిందే గనక, సంఘాలకు అనుమతి ముద్ర వేసే ఠాణేదారు జగ్గరాజుకి ఆ జాగా మీద కన్నుపడింది.

"సంఘానికి పేరేదీ?" అని ఒకసారి, "ఏడుగురు సభ్యులేరీ?" అని మరోసారి తిప్పి పంపాడు. సన్యాసమ్మ విసుక్కోకుండా అన్నీ రాయించుకొచ్చింది.

మూడోసారి మీసం దువ్వుకుంటూ అన్నాడు: "సంఘం మూతపడితే జాగా ఎవరికి చెందాలో రాయించలేదే? నీవాళ్ళకి చెందకూడదు. ఎవరైనా పెద్ద అధికారి పేరు రాయించు."

"అలాగే దొరా," అని రాయించుకొచ్చింది. తన పేరే అనుకుని, జగ్గరాజు చదవకుండానే ముద్ర వేశాడు.

నెల తిరక్కుండా భటులతో వచ్చి, "సంఘం రద్దు. పాక ఖాళీ చెయ్యి," అన్నాడు.

"చిత్తం. జాగా చెందే అధికారికి కబురు పెడతాను."

"కబురెందుకే, ఎదురుగానే ఉన్నాగా!"

"తమరు కాదు దొరా. పొరుగు ఠాణేదారు సర్వరాయుడుగారు."

జగ్గరాజు మొహం మాడిపోయింది. ఆ కనుమ కోసం పదేళ్ళుగా తనతో తగాదా పడుతున్నది సర్వరాయుడే.

రద్దు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ వానాకాలం డోలీ మోసే బోయీలు జ్వరాలతో మంచమెక్కితే, సంఘం ఎక్కడ మూతపడుతుందోనని తనే పరుగున వచ్చి డోలీ భుజానికెత్తుకున్నాడు.

"మెల్లగా దొరా," అంది వెనక నడుస్తున్న సన్యాసమ్మ, "లోపల నిండు చూలాలు."