దోయెన్ తినని గుడ్డు జున్ను

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మనం ఉంటున్న ఊళ్లో దీన్ని చెప్పేవాళ్లు లేరు. అందుకని నేనే చెబుతున్నాను.

జపాన్‌లో ఒక కొండ మీద చిన్న బౌద్ధ మఠం ఉండేది. అక్కడి వంటశాలలో గుడ్డు వండరు. రోగికి మాత్రం మినహాయింపు. ఆ చలికాలం దోయెన్ అనే ముసలి భిక్షువుకు జబ్బు చేసి, తిండి మీద మనసు లేకుండా పోయింది. ఇలాగే తినకుండా ఉంటే కింద ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని వైద్యుడు చెప్పి వెళ్లాడు. కొండ దిగితే మళ్లీ ఎక్కుతానన్న నమ్మకం దోయెన్‌కు లేదు.

వంట చూసే శిష్యుడి పేరు శుంకో. ముల్లంగి తరగడం దగ్గర నుంచి అతనికి అన్నీ నేర్పింది దోయెనే. పళ్లు లేని ఆ పెద్దాయన కోసం శుంకో గుడ్డుతో ఉప్పటి జున్నులాంటిది చేసేవాడు. పుట్టగొడుగులు, సముద్రపు నాచు నానబెట్టి కాచిన చారులో గుడ్డు గిలకొట్టి, వడగట్టి, పింగాణీ కప్పులో పోసి ఆవిరికి ఉడికిస్తారు దాన్ని. మఠంలోని ఆవిరి పాత్ర అందరికీ కలిపి వండే పెద్ద పాత్ర. ఒక్క కప్పు కోసం దాన్ని ఎక్కించడం ఎందుకని, ఒక భక్తురాలు ఇచ్చిన మైక్రోవేవ్‌లో పెట్టేవాడు.

పెట్టిన ప్రతిసారీ ఒకటే తంతు. నడుమ ఇంకా వణుకుతున్నట్టు కనిపిస్తుంది. పచ్చి గుడ్డు రోగికి పడదేమోనని భయం. ఇంకాస్త వేడి పెడతాడు. తలుపు తీసి చూస్తాడు. మళ్లీ పెడతాడు. చివరికి జున్ను నిండా చిల్లులు పడి, నీళ్లు వదిలేస్తుంది.

"ఇది తినడానికా, ఒళ్లు రుద్దుకోవడానికా?" అని దోయెన్ కప్పు పక్కకు నెట్టేశాడు.

శుంకో మఠం పెద్ద గురువైన గెన్పో దగ్గరికి వెళ్లాడు.

"ఆ పెట్టెకు ఓపిక లేదు గురువుగారూ. ఆవిరి పాత్రే ఎక్కించనివ్వండి."

"పెట్టెకా?" అన్నాడు గెన్పో. "పద, చూద్దాం."

శుంకో మళ్లీ కలిపి, వడగట్టి, కప్పు లోపల పెట్టాడు. గెన్పో వేడి బాగా తగ్గించాడు. కాసేపటికి తలుపు తీసి కప్పును మెల్లగా కదిపాడు. అంచులు గట్టిపడ్డాయి. నడుమ వణుకుతోంది. శుంకో చేయి అప్పటికే మీట మీదకు వెళ్లింది.

గెన్పో కప్పును బయటికి తీశాడు. మూత పెట్టి, మందపాటి తువ్వాలు చుట్టి, శుంకో అరచేతుల మధ్య పెట్టాడు.

"దోయెన్‌కు ఇచ్చిరా. తోట వసారా మీదుగా చుట్టు తిరిగి వెళ్లు."

"ఇది ఉడకలేదు గురువుగారూ."

"నేనూ చూశాను. ఒలకకుండా నడువు."

వసారా పలకల మీద మంచు పేరుకుని జారుతోంది. శుంకో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. పచ్చిది తినిపించి ఆయన ప్రాణం మీదకు తెస్తానా అన్న ఆలోచన దారి పొడుగునా వదల్లేదు.

గదిలో కప్పు కింద పెట్టి మూత తీశాడు. జున్ను కప్పులోని వేడికే ఉడికి, నున్నగా, కదలకుండా ఉంది. నమ్మకం కుదరక పుల్ల గుచ్చి చూశాడు. తేట చారు ఊరింది. పచ్చి సొన జాడ లేదు.

దోయెన్ ఒక చెంచా మింగాడు. తర్వాత ఇంకొకటి.

"ఇవాళ ఎవరు వండారు?"

"తెలియదండీ."

"రేపు కూడా వాణ్ణే వండమను."

శుంకో ఖాళీ కప్పుతో తిరిగి వచ్చాడు. గెన్పో వంటశాలలోనే ఉన్నాడు.

"దారిలో మూత తీసి చూశావా?"

"ఎలా చూస్తాను? రెండు చేతులూ కప్పుకే సరిపోయాయి."

"అందుకే ఇచ్చాను," అని గెన్పో ఆ కప్పు తీసుకుని కడగడం మొదలుపెట్టాడు.

పిల్లలూ, ఈ కథను మీ దగ్గరే ఆపేయకండి. రేపు మీ చుట్టూ చేరే పిల్లలకు చెప్పండి. అప్పుడప్పుడు నాకూ చెబుతూ ఉండండి.