సంపెంగ పసుపు పోయిన గుంట

“పందికొక్కేనే. నేను చెబుతున్నాగా.”

“పందికొక్కు తవ్వుకుపోయి, మళ్లీ మట్టి పూడ్చి, పైన నీళ్లు చిలకరించి మరీ పోతుందాండీ?”

“ఈ ఊరి పందికొక్కులు ఏమైనా చేస్తాయి.”

వేణుపురమున వసుదత్తుడను గృహస్థునకును, అతని భార్య సుభగకును ఈ వాదము మూడు దినములుగా నడచుచుండెను అని తృణపాణి మహర్షి చెప్పగా, మౌంజాయనుడను ముని చేతులు జోడించి, “స్వామీ, నేనడిగినది వ్రతమును గూర్చి. మీరు చెప్పుచున్నది పందికొక్కును గూర్చి” అనెను.

అందుకు మహర్షి, “నీవడిగినదేమి? ఇంటిలో ఒక వస్తువు పోయినప్పుడు తీసికొన్నవారు నెమ్మదిగా కూర్చుండుటయు, పోగొట్టుకొన్న స్త్రీ గయ్యాళి యనిపించుకొనుటయు లోకమున కనబడుచున్నది, అట్టి స్త్రీకి తగిన వ్రతమేదైన కలదా యని కదా. ఆ వ్రతము ఈ వాదమునుండియే పుట్టినది. అక్షతలు చేత బట్టుకొని వినుము” అని చెప్పసాగెను.

సుభగ పెరటిలో నూతి ప్రక్కన చిన్న మడి యొకటి యుండెను. అందు ఆమె సంపెంగ పసుపును పెంచుచుండెను. చూచుటకది అన్ని పసుపు మొక్కల వంటిదే. కొమ్ము విరిచినచో మాత్రము సంపెంగపువ్వు వాసన వచ్చును. చుట్టుప్రక్కల ఏడూళ్లలో అట్టి పసుపు మరియొక పెరటిలో లేదు. సుభగ అమ్మమ్మ పూర్వము జ్వరముతో పడియున్న ఒక బైరాగిణికి పదునొకండు దినములు గంజి పోసి బ్రతికించెను. ఆ బైరాగిణి వెళ్లునపుడు తన మూటలోనుండి ఒక కొమ్మును తీసి యిచ్చి, అడిగినవారికి లేదనవద్దనియు, అడుగక తీసికొన్నవారికి అచ్చిరాదనియు, త్రవ్వునపుడు తల్లిదుంపను మట్టిలోనే విడువవలెననియు చెప్పిపోయెను.

అది మొదలు ఆ యింటి ఆడపిల్ల తొలికాన్పు తరువాత బిడ్డనెత్తుకొని అత్తవారింటికి వెళ్లునపుడు తల్లి ఆమె యొడిలో ఒక కొమ్మునుంచుట ఆచారమాయెను. అమ్మమ్మ సుభగ తల్లికిచ్చెను. తల్లి సుభగకిచ్చెను. ఇచ్చిన రెండవ యేట తల్లి కాలము చేసెను. ఆమె చేతిది సుభగకు మిగిలినది ఆ పసుపొక్కటే. ఇప్పుడు సుభగ కూతురు కనకాంగి నిండు నెలలకు దగ్గరపడి పుట్టింటికి వచ్చియుండెను.

మాఘమాసమున పసుపు ఆకు ఎండి రాలిపోవును. పైకి చూచువారికది వట్టి నేల. సుభగ తన అన్నగారింట పదిదినములుండి తిరిగివచ్చి మడిలో అడుగిడగా కాలు మెత్తగా దిగబడెను. ఆమె కూర్చుండి మోచేతి లోతు వరకు త్రవ్వెను. తల్లిదుంప లేదు, పిల్లకొమ్ము లేదు, వేరుపీచు కూడ లేదు. ఆకు లేని కాలమున అచ్చట దుంప యున్నదని ఎరిగినది ఇంటివారే.

తాను లేనప్పుడు ఎవరు వచ్చిరని సుభగ అడిగెను. “ఎవరొస్తారే? మన మాల్యవతి వచ్చి రెండ్రోజులుండి వెళ్లింది” అని అత్తగారు చెప్పిరి. మాల్యవతి వసుదత్తుని అక్క. రెండు వీధుల అవతల ఆమె కాపురము. ఆ మాట విన్న క్షణమునుండియే వసుదత్తుడు పందికొక్కు మాటను పట్టుకొనెను.

“పోయింది బంగారమా ఏమన్నానా? పసుపుకొమ్ము. దీనికింత రాద్ధాంతమా?” అని అత్తగారనిరి.

సుభగ గుంట పూడ్చి చేతులు కడుగుకొనెను.

చైత్రమున కనకాంగికి ఆడుశిశువు కలిగెను. అంతకు ముందే, ఫాల్గుణమున, మాల్యవతి గౌరీవ్రతము ఉద్యాపన చేసికొనుచు పదమూడుగురు ముత్తైదువలను పిలిచెను. వారిలో సుభగ యొకతె. పీటపై కూర్చుండబెట్టి మాల్యవతి మరదలి కాళ్లకు పసుపు రాయుటకు వంగెను. గిన్నెలో చేయి ముంచినంతనే గదియంతయు సంపెంగ వాసన క్రమ్మెను. సుభగ కాలు వెనుకకు తీసికొనెను. మాల్యవతి మడమ పట్టుకొని ముందుకు లాగెను.

“కాలు కదపకమ్మాయ్, ఇంకా వేళ్లకి రాయలేదు.”

“ఈ పసుపెక్కడిది వదినగారూ?”

“గౌరమ్మ ఇచ్చింది. మంచి వాసన కదూ?”

పిమ్మట మాల్యవతి కొంగు కప్పిన చేటలో ఐదు పసుపుకొమ్ములుంచి, “ఇస్తినమ్మ వాయనం” అనెను. వాయనమును కాదనుట ఆ దేశమున ఎరుగరు. పండ్రెండుగురు ముత్తైదువలు చూచుచుండిరి. సుభగ కొంగు పట్టి, “పుచ్చుకుంటినమ్మ వాయనం” అనెను. ముమ్మారు అనెను. తన పెరటి పసుపును తన నోటితోనే దానముగా ఒప్పుకొని ఇంటికి వచ్చెను.

ఆ ఐదు కొమ్ములును ఉడికించి ఎండబెట్టినవి. ఉడికిన కొమ్ము మొలవదని సుభగ ఎరుగును. ఎరిగియు వానిని మడిలో నాటెను. దినమును నీరు పోసెను. అవి మొలవలేదు.

వాయనము పుచ్చుకొన్న దినమునుండి సుభగ నోరు చేదాయెను. అన్నము చేదు, పాలు చేదు, మంచినీరు చేదు. ఇంటిలో తక్కినవారందరికి వంట రుచిగానే యుండెను. వారు మారు వడ్డించుకొని తినిరి. వైద్యుడు నాడి చూచి పిత్తమనెను. మనుమరాలి స్నానమునకు అంగడి పసుపు కలుపుచు సుభగ నూతిగట్టు ప్రక్కన ఉమ్ముచుండెను.

ఒక దినమున ముసలి పేరంటాలొకతె దాహమునకు నూతి కడకు వచ్చెను. ఆమె ముఖమున రూపాయంత బొట్టుండెను.

“ఏం తల్లీ, వేపాకు నమిలావా?”

“లేదవ్వా. మూడు నెలలైంది. ఏం తిన్నా ఇంతే.”

“ఏం పుచ్చుకున్నావేమిటి?”

సుభగ జరిగినదంతయు చెప్పెను. అవ్వ చెంబు క్రింద పెట్టెను.

“నీది నీకిస్తే పుచ్చుకుంటినన్నావా?”

“అంతమంది చూస్తున్నారవ్వా.”

“చూస్తున్నప్పుడేగా అనాల్సింది. ఎవరూ లేనప్పుడు గోడకి చెబుతావా?”

అప్పుడా అవ్వ సుభగకు తల్లిదుంప గౌరీవ్రతమును ఉపదేశించెను. పోయిన చోట పూడ్చిన గుంటను తెరువవలెను. ఆ గుంటలోని మట్టితోనే గౌరిని చేయవలెను. వరుసగా ఐదు శుక్రవారములు ప్రాతఃకాలమున గుంట అంచున దీపము పెట్టవలెను. ఆ వారములలో ఇంటికి వచ్చి ఇదేమని అడిగిన ప్రతివారికిని ఏమి పోయినదో చెప్పవలెను. ఎవరు తీసిరో చెప్పరాదు. ఎవరును తీయలేదనియు చెప్పరాదు. ఐదవ వారమున, తనది తనకు వాయనముగా వచ్చియుండినచో దానిని తిరిగి యిచ్చి, పుచ్చుకొనలేదని అనవలెను. ఇట్లు చెప్పి అవ్వ పెరటి గుమ్మము దాటెను. సుభగ వీధిలోనికి తొంగి చూడగా ఎవరును లేకుండిరి.

జ్యేష్ఠ శుక్రవారమున సుభగ వ్రతము మొదలుపెట్టెను. మొదటి దినముననే ఒక ముద్ద అన్నము కొంత తక్కువ చేదుగా దిగెను. కాని రెండవ శుక్రవారమున మాల్యవతి భోజనమునకు వచ్చుచున్నదని కబురు వచ్చెను.

“ఆ గుంట పూడ్చి ముగ్గు పెట్టు” అని అత్తగారనిరి. వసుదత్తుడును, “అక్కయ్య కళ్లబడితే ఏమనుకుంటుంది? ఒక్కపూటకేగా” అనెను. సుభగ పార చేతబట్టెను. తరువాత గుంట పూడ్చి, మీద పద్మముల ముగ్గు పెట్టెను.

ఆనాడు విస్తళ్లముందు కూర్చుండినవారందరును మొదటి ముద్దకే ముఖములు చిట్లించిరి. పప్పు చేదు. పులుసు చేదు. పాయసమును నోటనుంచుకొనలేక వసుదత్తుడు లేచి వెళ్లెను.

“ఏమ్మా సుభగా, పాయసంలో కాకరకాయ వేశావా?” అని మాల్యవతి అడిగెను.

సుభగ గరిటెడు చేతిలో వేసికొని రుచి చూచెను.

“నాకు రోజూ ఉండే రుచే వదినగారూ.”

ఆ దినము మొదలు ఆ యింట ఎవరికిని అన్నము సహింపలేదు. క్రొత్త కుండ తెచ్చిరి. బియ్యము మార్చిరి. గరిటె వేపకఱ్ఱతో చేసినదని వసుదత్తుడు దానిని పారవేసెను. మూడు దినములైన పిదప అత్తగారే పెరటిలోనికి వచ్చి ముగ్గువైపు చూచి, “ఆ గుంటేదో తవ్వుకోవే తల్లీ” అనిరి. సుభగ గుంట తెరచెను. ఆ పూట అందరికిని అన్నము అన్నమువలె నుండెను. ఆమెకు మాత్రము చేదు సగమే తగ్గెను. వ్రతభంగమైనందున ఆమె మరల మొదటి వారమునుండి లెక్క పెట్టుకొనెను.

పిమ్మట ఎవరు వచ్చినను గుంట పూడ్చలేదు. నీటికి వచ్చినవారు, మజ్జిగకు వచ్చినవారు, పసిబిడ్డను చూడవచ్చినవారు ఇదేమని అడిగిరి. సంపెంగ పసుపు పోయినదని సుభగ చెప్పెను. ఎవరు తీసిరని ఒకరిద్దరు అడిగిరి. తరువాత ఎవరును అడుగలేదు. ఆ వాసన పండ్రెండుగురు ముత్తైదువల కాళ్లకును అంటియుండెను కదా. మాల్యవతి తాంబూలమునకు పిలిచినప్పుడు ఒకతెకు తలనొప్పియు, మరియొకతెకు మడియు అడ్డువచ్చెను.

మాల్యవతి దాచియుంచుకొన్న ఎనిమిది దుంపలను తన పెరటిలో, ఎరువు పోసి, నీడ చూచి నాటెను. ఏడు కుళ్లిపోయెను. ఎనిమిదవ దానికి మొలకెత్తు కన్ను ఒకటి మాత్రము మిగిలెను.

ఐదవ శుక్రవారమున ఆమె పిలువకయే వచ్చెను. సుభగ గుంట అంచున కూర్చుండి దీపము సవరించుచుండెను. మాల్యవతి ఎదురుగా గొంతు కూర్చుండెను.

“అడిగితే ఇచ్చేదానివా?”

“అడిగినవాళ్లకి లేదనకూడదు. మీరు అడిగారా వదినగారూ?”

“మా పుట్టింట్లో మొలిచిన దాని కోసం తమ్ముడి పెళ్లాం ముందు చెయ్యి చాపాలా? ఈ మట్టి మా నాన్నది.”

“మట్టి మీదే. కొమ్ము మా అమ్మది.”

సుభగ మొలవని ఐదు కొమ్ములను మడినుండి తీసి, మన్ను దులిపి, ఆమె ముందుంచెను. “మీ వాయనం. నేను పుచ్చుకోలేదు” అనెను. నూతి కడకు నీటికి వచ్చిన ముత్తైదువలు ఇద్దరు ఆ మాట వినిరి. మాల్యవతి కొంగుముడి విప్పి, ముడుతలుపడిన తల్లిదుంపను గుంట అంచున పెట్టెను. తప్పైనదని ఆమె అనలేదు. “ఇదొక్కటే బతికింది” అని మాత్రమనెను.

ఓ మౌంజాయనా! పోయినది ఎవరు తీసిరో తెలిసియు నోరు మెదపలేని స్త్రీలు ఈ వ్రతమును చేయవలెను. తల్లి చేతి వస్తువును అత్తవారింట కాపాడుకొను కోడండ్రు చేయవలెను. తమది తామే వాయనముగా పుచ్చుకొన్నవారు తప్పక చేయవలెను. అడుగుటకు మనసొప్పక తీసికొన్నవారును చేయవచ్చును, వారికి ఏడు వారములు. ఇంటిలో ఒకరు చేయుచుండగా మంచి మాటలతో గుంట పూడ్పించువారు తమ అన్నము చేదగుటకు సిద్ధపడి యుండవలెను. ఈ వ్రతము ధనధాన్యములనీయదు. వానికి వేరు వ్రతములున్నవి. పోయినదంతయు తిరిగివచ్చునని నేను చెప్పజాలను. ఎనిమిదింట ఒకటి వచ్చిన వచ్చును. నోటి చేదు మాత్రము విడుచును. అన్నము రుచి తెలియును. అంతమాత్రమునకు ఇన్ని వారములా యని నవ్వువారు ఆ చేదును ఎరుగనివారు. అక్షతలు ఇంకను శిరమున వేసికొనకుము. ఒక మాట మిగిలియున్నది.

ఆనాటి మధ్యాహ్నము మాల్యవతితో కూడ అందరును భోజనమునకు కూర్చుండిరి. వసుదత్తుడు మహా సంతోషముగా నుండెను.

“చూశావా, దొరికింది. అనవసరంగా ఇంత చేశావు. సాయంత్రం దాన్ని గుంటలో పెట్టి పూడ్చెయ్యి. వచ్చే ఏడు అక్కయ్యకి ఒక కొమ్మిద్దువుగాని, సరిపోతుంది.”

“అదీ మాటంటే” అని అత్తగారనిరి.

సుభగ వంటింటి గడపలోనే నిలుచుండి ఒక మెతుకు నోట వేసికొనెను. మెతుకు తియ్యగా నుండెను. ఆమె మజ్జిగ కుండ చంకనెత్తుకొని వచ్చి, గొంతు పెంచకయే, అందరికి వినబడునట్లు చెప్పెను.

“కనకాంగి ఎల్లుండి పిల్లనెత్తుకుని వెళుతోంది. ఈ కొమ్ము దాని ఒళ్లో పెడుతున్నాను. ఈ ఇంట్లో మళ్లీ నాటను. కావాల్సినవాళ్లు దాని గుమ్మానికి వెళ్లి అడగండి, లేదనదు. గుంట మాత్రం పూడ్చను.”

అని, మొదట ఆడపడుచు విస్తరిలో మజ్జిగ వంచెను.