శంకునత్త వేసిన సూదిమందు

సముద్రం అడుగున కూడా అడవులుంటాయి పిల్లలూ. అక్కడ చెట్లకు బదులు పగడాలు కొమ్మలు వేస్తాయి. అలాంటి ఒక అడవి పేరు కెంపుదిబ్బ. అందులో రొయ్యలు, పీతలు, రంగురంగుల చేపలు, శంకు ఆకారపు గుల్ల మోస్తూ ఇసుకలో నెమ్మదిగా పాకే ఒక శంకునత్త ఉండేవి.

ఆ అడవి నడుమ ఒక తెల్లబండ ఉంది. రొయ్యలు దాని మీద కూర్చుని, వచ్చినవాళ్ల ఒళ్లు శుభ్రం చేసేవి. చర్మానికి పట్టిన పురుగుల్ని ఏరి తినేవి. ఎంత పెద్ద చేపైనా తన వంతు వచ్చేదాకా వరుసలో ఆగాల్సిందే. బండ దగ్గర ఎవరూ ఎవరినీ కరవకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఆ కట్టుబాటుకు కాపలా పెద్దనోరయ్య అనే మచ్చల చేప. శంకునత్తను మాత్రం ఆయన బండ ఛాయలకు రానిచ్చేవాడు కాదు. ఆమె దగ్గర విషపు సూది ఉంది మరి.

"మేమంతా నోరు మూసుకుని వస్తాం. నీ సూది ఎక్కడ పెట్టి వస్తావే?" అని వెక్కిరించేవాడు.

ఒకరోజు తాబేలు పిన్ని ఈదలేక ఈదలేక బండ దగ్గరికి వచ్చింది. తెడ్డులాంటి ఆమె ముందుకాల్లో ఒక గాలం దిగబడి ఉంది. గాలానికి కట్టిన ఉక్కుతీగ వెనకాలే ఈడ్చుకుంటూ వచ్చి, పగడాల సందులో బిగుసుకుపోయింది.

తాబేలు మనలాగే గాలి పీల్చే జీవి. నీళ్లపైకి వెళ్లి ఊపిరి తీసుకోకపోతే బతకదు. పిన్ని పైకి ఈదబోయింది. తీగ వెనక్కి లాగేసింది.

పీత మామ పరుగున వచ్చాడు. కత్తెరల్లాంటి డెక్కలతో తీగను కత్తిరించబోయాడు. అది తెగలేదు.

"గాలాన్నే వెనక్కి తిప్పి తీయాలి. కదలకు పిన్నీ," అన్నాడు.

డెక్క తగిలిందో లేదో, పిన్ని కాలు విదిలించింది. పీత మామ వెళ్లి పగడాల మీద పడ్డాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ పడ్డాడు.

"కదలొద్దు అంటే వినవేం?"

"నేను కదలడం లేదు నాయనా. నొప్పి కదిలిస్తోంది."

ఆ మాటతో పాటే ఆమె ముక్కులోంచి బుడగలు పోయాయి. రొయ్యలు బిక్కమొహాలు వేశాయి.

"నేను రానా?" అని ఇసుకలోంచి మాట వినిపించింది. శంకునత్త!

"నా దగ్గర ఉన్నది ఒక్క విషం కాదు," అంది నత్త. "నన్ను పట్టుకునేవాళ్లకు వేసేది వేరు. తిండి కోసం వేసేది వేరు. ఆ రెండోది తగిలిన చేప గిలగిల్లాడదు, దానికి నొప్పే తెలియదు. అందులో ఒక్క చుక్క వేస్తే పిన్ని కాలు మొద్దుబారుతుంది."

"విషంలో మళ్లీ మంచిదీ చెడ్డదీనా? చాల్లే నీ కబుర్లు!" అంటూ పెద్దనోరయ్య అడ్డం వచ్చాడు.

"దగ్గరికి రాకు బాబాయ్. భయం వేస్తే ఏది బయటికి వస్తుందో నా వశంలో ఉండదు."

ఆయన వినలేదు. నత్తను దూరంగా విసిరేద్దామని గభాల్న నోట కరుచుకున్నాడు. బండ దగ్గర ఎవరినీ కరవకూడదన్న కట్టుబాటును దాని కాపలావాడే మరిచాడు.

సూది చటుక్కున దిగింది. నత్త జారి కింద పడింది. పెద్దనోరయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఒళ్లు పక్కకు ఒరిగింది.

"చంపేసింది! పారిపోండి!" అని చేపలన్నీ పగడాల వెనక్కి దూరాయి.

తాబేలు పిన్నికి కళ్లు మసకబారుతున్నాయి. "నేనూ చూశాను," అందామె. "తనను కరిచినవాడినే పొడిచింది. నువ్వు రా నత్తమ్మా."

"నీ కాలు నా మీద పడితే నాకు మళ్లీ భయం వేస్తుంది పిన్నీ."

"నీకు భయం, నాకు నొప్పి. ఇద్దరం కాస్త ఓర్చుకుందాం. రా."

నత్త పాకింది. ఆమె నడక ఎంత నెమ్మదో మీకు తెలుసు కదా! పిన్ని కాలు వణికింది, కానీ లేవలేదు. సూది మెల్లగా తాకింది.

పీత మామ డెక్కలు చాచి ముందుకు జరిగాడు.

"పీత మామా, ఇక మొదలుపెట్టు," అంది పిన్ని, పీలగా.

"ఎప్పుడో మొదలుపెట్టాను పిన్నీ! నీకు తెలియడం లేదా?"

గాలం ఊడి ఇసుకలో పడింది. మొద్దుబారిన కాలు వేలాడుతుంటే, మిగిలిన కాళ్లతో పిన్ని పైకి లేచింది. చేపలు బయటికి వచ్చి కిందినుంచి నెట్టాయి. ఆమె తల నీళ్లను చీల్చుకుని వెలుగులోకి వచ్చింది. ఆ ఊపిరి చప్పుడు కెంపుదిబ్బ దాకా వినిపించింది.

పెద్దనోరయ్య చావలేదు. కానీ ఆయన నోరు మళ్లీ పూర్తిగా మూతపడలేదు. పట్టిన ప్రతి చేపా నోట్లోంచి జారిపోయేది. చివరికి రొయ్యలు పారేసిన తుక్కుతోనే కడుపు నింపుకున్నాడు. తెల్లబండ పక్కన ఇసుకలో నత్తకు చోటిచ్చారు. ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు. నొప్పి ఉన్నవాళ్లే వెళ్లి ఆమె ముందు కదలకుండా పడుకోవాలి.

ఎంత వింత చూడండి! అలాంటి ఒక నత్త విషాన్ని చూసి నేర్చుకుని, ఓర్చుకోలేని నొప్పికి మనుషులు కూడా మందు చేసుకున్నారు. ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అలాగని సముద్రంలో అందమైన శంకునత్త కనబడితే చేత్తో పట్టుకునేరు! పెద్దనోరయ్యను గుర్తు చేసుకోండి.

నీతి: మనల్ని భయపెట్టేదానిలోనూ మేలు ఉండవచ్చు, బెదిరించి పట్టుకునేవాడికి అది విషమవుతుంది, ఓర్పుతో అడిగినవాడికి మందవుతుంది.