మంగతాయిని చంపిన రచయిత

నరసాపురం దగ్గర ఒక పల్లెలో, తన కథను ఎవరైనా ముందుగా ఊహిస్తే అన్నం సహించని గవర్రాజు అనే టీవీ సీరియల్ రచయిత ఉండేవాడు. ఇంట్లోనే కూర్చుని రాసి, హైదరాబాదుకు ఫోనులో పంపేవాడు.

రోజూ సాయంత్రం ఏడింటికి వీధిలోని ఆడవాళ్ళు సూరమ్మ ఇంట్లో చేరి, లేసు అల్లుకుంటూ ఆ సీరియల్ చూసేవారు. అందులో మంగతాయి అనే పెద్దకోడలంటే వాళ్ళకు ప్రాణం. సొంత కోడళ్ళతో మాటలు లేనివాళ్ళు కూడా ఆమె కోసం మొక్కుకునేవారు.

ఒకరోజు గవర్రాజు సూరమ్మ గుమ్మంలో నిలబడి ఉండగా ఆమె అంది, "ఉగాదిలోపు మంగతాయికి పోగొట్టుకున్న పొలం తిరిగొస్తుంది, చూస్తూ ఉండండే."

గవర్రాజు ముఖం మాడిపోయింది. సరిగ్గా అలాగే రాశాడు మరి. ఇంటికెళ్ళి అదంతా కొట్టేసి, మంగతాయిని లారీ కింద పడేశాడు.

ఆ భాగం వచ్చిన రోజు సూదులన్నీ ఆగిపోయాయి. ఎవరైనా పోతే ఆ పూట లేసు ముట్టుకోకపోవడం ఆ వీధి ఆచారం. ఊరి మునసబుగారు పోయినప్పుడు కూడా అంతమంది ఏడవలేదు. ఆయన పెద్దకొడుకైతే అప్పుడు అసలే ఏడవలేదు. గవర్రాజు గుమ్మంలో నిలబడి మీసాల చాటున నవ్వుకున్నాడు.

ఆ వారం సీరియల్‌ను మునుపెన్నడూ లేనంతమంది చూశారు. అతను రుచి మరిగాడు. రెండు నెలలకు మంగతాయి మరిదిని పాము కరిచింది. సూదులు కాసేపు ఆగాయి. ఆ తర్వాత మంగతాయి కూతురు గౌరి నూతిలో పడింది. ఒక్క సూదీ ఆగలేదు.

"గౌరి పోయిందత్తా," అన్నాడు గవర్రాజు ఉండబట్టలేక.

"చూశాంరా," అంది సూరమ్మ తల ఎత్తకుండా.

"ఎనిమిదేళ్ళ పిల్ల. మనుషులన్నాక పోరా?"

"పోతారు. మా ఆయన పోయేముందు ఏడాదిపాటు దగ్గాడు. మంగతాయి ఎందుకు పోయింది? నేను ముందే చెప్పాననేగా. మేం ఏడుస్తుంటే నువ్వు నవ్వడం చూశానులే. ఇక నీ కథలో ఎవరి మీదా మనసు పెట్టుకోం. పెట్టుకుంటే చంపేస్తావు."

గవర్రాజు గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

శ్రావణం వచ్చేసరికి చూసేవాళ్ళు లేక సీరియల్ ఆగిపోయింది. అతన్ని మరో కథ అడిగినవారు లేరు. ఆడవాళ్ళు సూరమ్మ ఇంటికి రావడం మానేసి, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని అల్లుకుంటున్నారు. సూరమ్మ టీవీ మీద గుడ్డ కప్పేసింది.

నీతి: కథ కోరిన చావు చూసేవాళ్ళ గుండెల్లో నిలుస్తుంది, వాళ్ళను ఉలిక్కిపడేలా చేయడానికి తెచ్చిన చావు వాళ్ళ ప్రేమనే చంపుతుంది.